తిరుపతి నుంచి టికాల్ దాకా: మాయా గుళ్లను సొంతంగా చూసి రావడం ఎలా

మా తిరుపతికి వచ్చే వాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. కొందరు రాత్రి రైలు దిగి, తెల్లారేసరికి కొండెక్కి, దర్శనం కాగానే లడ్డూ సంచి పట్టుకుని మధ్యాహ్నం బస్సులో వెళ్లిపోతారు. కొందరు ఇంకో మూడు రోజులు ఉంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి ఎక్కుతారు, చంద్రగిరి కోట చూస్తారు, ఏర్పేడు దగ్గర గుడిమల్లం వెళ్తారు, తలకోనలో ఒక రాత్రి పడుకుంటారు. ఊరు ఎవరికి కనబడిందో ఇక్కడ పుట్టిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మధ్య అమెరికా అడవుల్లో మాయా అనే జాతి వాళ్లు ఎప్పుడో కట్టిన గుళ్లకు వెళ్లేటప్పుడు మనం ఆ రెండో రకం వాళ్లలా వెళ్లాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. అలా వెళ్లాలంటే ఏమేం చూసుకోవాలో కింద రాస్తున్నాను.

నేనూ మా వదినా ఇద్దరమే వెళ్లాం, ఫిబ్రవరిలో. వదినది చిత్తూరు, పూర్తి శాకాహారి, స్పానిష్ ఒక్క ముక్క రాదు, నాకూ పది మాటలకు మించి రాదు. అయినా ప్యాకేజీ టూర్ తీసుకోకుండా పదకొండు రోజులు తిరిగి వచ్చాం కాబట్టి ఇది మీకూ సాధ్యమే అని ధైర్యంగా చెబుతున్నాను.

ముందు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోండి. మాయా వాళ్ల ఊళ్లు ఒక్క దేశంలో లేవు. మెక్సికో ఆగ్నేయ భాగం, గ్వాటెమాలా, బెలిజ్, హోండురాస్, ఎల్ సాల్వడార్ పడమటి వైపు, ఇంత మేరా పరుచుకుని ఉన్నాయి. ఎక్కువమంది మెక్సికోలోని కాంకూన్ బీచ్‌లో దిగి, అక్కడి నుంచి ఏసీ బస్సులో ఒక్క పూట చిచెన్ ఇట్సా అనే మాయా శిథిల నగరం చూసి వెనక్కి వస్తారు. అది గొప్ప చోటే, కాదనను. కానీ అక్కడ పొదల అడవి, ఎండ, జనం. పెద్ద చెట్ల మధ్య, కోతుల అరుపుల మధ్య గుడి చూడాలంటే గ్వాటెమాలా ఉత్తర భాగంలోని పెటెన్ అడవికి వెళ్లాలి. అక్కడే టికాల్ అనే పాత మాయా నగరం ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే, దేశాలు నాలుగు పెట్టుకోకండి, పెటెన్ ఒక్కటే పెట్టుకుని వారం రోజులు అక్కడే ఉండండి.

వీసా సంగతి. మెక్సికోకైతే మన పాస్‌పోర్ట్ మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్ లేదా షెంజెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా ఉంటే వేరే వీసా అక్కర్లేదు. గ్వాటెమాలాకు ఢిల్లీలో రాయబార కార్యాలయం ఉంది, వాళ్లకు మెయిల్ రాసి మీ పాస్‌పోర్ట్‌లో ఏ వీసాలు ఉన్నాయో చెప్పి, వేరే వీసా కావాలో వద్దో రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి, ఆ జవాబు ప్రింట్ తీసి చేతి సంచిలో పెట్టుకోండి, ఎందుకంటే చెన్నైలో చెకిన్ కౌంటర్ దగ్గర ఆ కాగితమే మీ టెన్షన్ తగ్గిస్తుంది. గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగువా నాలుగు దేశాల్లోనూ కలిపి ఉండగలిగేది 90 రోజులే, అది గుర్తుంచుకోండి. అమెరికా మీదుగా విమానం మారాలంటే విమానాశ్రయం దాటకపోయినా అమెరికా వీసా ఉండాల్సిందే. అది లేనివాళ్లు, పైన చెప్పిన మిగతా వీసాల్లో ఒకటో మెక్సికో వీసానో ఉంటే, ఇస్తాంబుల్ మీదుగా మెక్సికో సిటీ చేరుకుని అక్కడి నుంచి గ్వాటెమాలా సిటీకి వెళ్లొచ్చు.

మన వైపు చాలా ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఆరు నెలలకని వెళ్లే అమ్మానాన్నలు ఆ ఆరు నెలలూ ఇంట్లోనే కూర్చుంటారు. హ్యూస్టన్ నుంచి గ్వాటెమాలా సిటీ సుమారు మూడు గంటల విమానం. మోకాళ్లు బాగుంటే ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

ఎప్పుడు వెళ్లాలి? టికాల్ దాదాపు మన హైదరాబాద్ ఉన్న అక్షాంశం మీదే ఉంది, 17 డిగ్రీల ఉత్తరం, కాబట్టి ఎండ మనకు కొత్త కాదు, తేమే కొత్త. మే చివర్లో మొదలైన వాన అక్టోబర్ దాటాకే తెరిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వేడి మన రేణిగుంట వేడిలా ఉంటుంది. జనవరి నుంచి మార్చి మధ్య దాకా మంచి కాలం, తెల్లవారుజామున చలి కూడా వేస్తుంది, పల్చటి స్వెటర్ పెట్టుకోండి. టైము మనకంటే పదకొండున్నర గంటలు వెనక, అంటే అక్కడ పొద్దున 6 అయితే ఇక్కడ సాయంత్రం 5:30. మొదటి రెండు రోజులు మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తుంది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. అడవికి అదే మంచిది.

గ్వాటెమాలా సిటీ నుంచి ఫ్లోరెస్‌కు విమానంలో ఒక గంట, రాత్రి బస్సులో తొమ్మిది పది గంటలు. రానుపోను రెండూ బస్సే అయితే ఒళ్లు హూనమవుతుంది, ఒక వైపైనా విమానం పెట్టుకోండి. ఫ్లోరెస్ అంటే పెటెన్ ఇట్సా చెరువులో చిన్న దీవి, ఒడ్డున ఉన్న శాంతా ఎలెనా ఊరికి కట్ట మీద రోడ్డు ఉంది. దీవి చుట్టూ నడవడానికి అరగంట పట్టదు. రంగు రంగుల ఇళ్లు, కాఫీ షాపులు చూసి ఇది టూరిస్టుల ఊరు అనుకుని వదిలేయకండి. ఇట్సా మాయాల రాజధాని నోహ్‌పెటెన్ ఈ దీవి మీదే ఉండేది, స్పానిష్ వాళ్లకు లొంగకుండా 1697 దాకా నిలబడింది. మాయా రాజ్యాల్లో చివరిది ఇదే. అంటే మాయాలు ఎప్పుడో మాయమైపోయారన్న మాట తప్పని మీరు దిగిన మొదటి ఊరే చెబుతుంది.

ఇక అసలు విషయం, టికాల్. ఫ్లోరెస్ నుంచి 64 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. శాంతా ఎలెనా బస్టాండ్ నుంచి కొలెక్తీవో అనే వ్యాన్లు పోతాయి, మన షేర్ ఆటో పద్ధతే, నిండాకే కదులుతాయి. టూరిస్టు వ్యాన్లు తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో మొదలై మధ్యాహ్నానికి వెనక్కి తెచ్చేస్తాయి. నా మాట విని ఆ పని చేయకండి. శిథిలాల ప్రవేశం పక్కనే మూడు నాలుగు లాడ్జీలు, టెంటు వేసుకోవడానికి, ఊయల కట్టుకోవడానికి మైదానం ఉన్నాయి. ఫ్లోరెస్ కంటే రేటు ఎక్కువే, కరెంటు రోజంతా ఉండకపోవచ్చు, భోజనం మామూలుగా ఉంటుంది. అయినా అక్కడ రెండు రాత్రులు ఉండండి. గుడి పొద్దున ఆరింటికి తెరుస్తారు, ఎక్కువ వ్యాన్లు వచ్చేది ఎనిమిది తర్వాత, సాయంత్రం నాలుగు దాటాక మళ్లీ అంతా ఖాళీ. ఆ నాలుగు గంటలే టికాల్. వదిన మొదట రెండు రాత్రులు ఎందుకు అంది, రెండో రోజు సాయంత్రం ఇంకో రాత్రి ఉందామా అని తనే అడిగింది.

టికెట్ మేం వెళ్లినప్పుడు విదేశీయులకు రోజుకు 150 కెట్సాల్‌లు, ఆరింటికి ముందే లోపలికి పోయి సూర్యోదయం చూడాలంటే ఇంకో 100. కెట్సాల్ అక్కడి డబ్బు, పచ్చటి తోక పిట్ట పేరది. ఒక డాలరుకు ఏడు ముప్పావు దాకా వస్తుంది. టికెట్ చూసే పార్కు గేటు వేరు, అది శిథిలాలకు 17 కిలోమీటర్ల ముందే వస్తుంది, పాస్‌పోర్ట్ చూపించాలి, ఏ రోజు టికెట్ ఆ రోజుకే. నగదు ఫ్లోరెస్‌లోనే తీసి పెట్టుకోండి, ఇక్కడి నుంచి బయలుదేరే ముందే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకోండి.

సూర్యోదయం టికెట్ గురించి నా అభిప్రాయం చెబుతాను. ఫిబ్రవరిలో సగం రోజులు పొగమంచు, సూర్యుడు కనబడడు. కానీ టెంపుల్ 4 (అక్కడి గుళ్లను ఇలా అంకెలతోనే పిలుస్తారు) పైన, 65 మీటర్ల ఎత్తున, చీకట్లో కూర్చుంటే కింద అడవి నిద్ర లేవడం వినబడుతుంది. ముందు ఒక పిట్ట, తర్వాత పది, ఆ తర్వాత హౌలర్ కోతులు. మొదటిసారి విన్నవాళ్లు పులి అనుకుంటారు, అంత గర్జన. మంచు కొంచెం కొంచెంగా విడిపోయి టెంపుల్ 1, 2, 3 శిఖరాలు ఒక్కొక్కటే చెట్ల పైన తేలుతాయి. సూర్యుడి కోసం వెళ్తే నిరాశ, వినడానికి వెళ్తే మాత్రం 100 కెట్సాల్‌లు తక్కువే. ఎక్కడానికి చెక్క మెట్లు కట్టారు, శ్రీవారి మెట్టు ఎక్కే వాళ్లకు అదొక లెక్క కాదు. టెంపుల్ 1 ఎక్కనివ్వరు, ఎక్కకూడదు కూడా, 47 మీటర్ల ఆ కట్టడం లోపల హసావ్ చాన్ కవీల్ అనే రాజు సమాధి ఉంది. దాన్ని సుమారు 732లో కట్టారు. అంటే మన పక్కనే కంచిలో పల్లవులు కైలాసనాథుడి గుడి కట్టిన రోజులవి. ఆ లెక్క అక్కడ నిలబడి వేసుకున్నప్పుడు ఆ రాజు నాకు ఒక్కసారిగా దగ్గరివాడైపోయాడు.

సొంతంగా వెళ్లడం అంటే గైడ్ వద్దని కాదు. మొదటి రోజు మూడు గంటలు స్థానిక గైడ్‌ను పెట్టుకోండి, గేటు దగ్గరే లైసెన్సు ఉన్నవాళ్లు దొరుకుతారు. రెండో రోజు మ్యాప్ పట్టుకుని మీరే తిరగండి. గైడ్‌ను ఒక్కటి తప్పకుండా అడగండి: ఇక్కడ నీళ్లెలా తాగారు? టికాల్ దగ్గర నది లేదు. సున్నపురాయి నేల, వాన నీళ్లు పడ్డవి పడ్డట్టు ఇంకిపోతాయి. అందుకని ముంగిళ్లన్నీ సున్నంతో గచ్చు చేసి, కొంచెం వాలుగా పెట్టి, పడిన ప్రతి చుక్కా చెరువుల్లోకి పోయేలా కట్టారు. ఒక చెరువులో నీళ్లు వడకట్టడానికి జియొలైట్ అనే ఖనిజం వాడారని పరిశోధకులు 2020లో బయటపెట్టారు. టికాల్ అన్న పేరుకే నీటిగుంట దగ్గర అని అర్థం చెబుతారు. చెరువు నిండితేనే ఊరు అని తెలిసిన చిత్తూరు జిల్లా వాళ్లకు ఇది కళ్లకు కట్టినట్టు అర్థమవుతుంది. చెరువు గట్టు ఇప్పటికీ ఉంది, దారి దాని మీదుగానే పోతుంది, చెప్పకపోతే గట్టని తెలియక దాటిపోతాం. తొమ్మిదో శతాబ్దంలో ఊరు ఎందుకు ఖాళీ అయిందో అడిగితే కరువు, యుద్ధాలు, నరికేసిన అడవి, ఇలా చాలా కారణాలు కలిపి చెబుతారు. తేదీ ఉన్న చివరి శాసనం 869 నాటిది.

ఆ శాసనాల తేదీ మనమే చదవడం నేర్చుకోవచ్చు, ఇది చాలామంది గైడ్లు చెప్పరు. ముంగిట్లో నిలువుగా పాతిన రాళ్లను స్టెలా అంటారు. చుక్క అంటే 1, గీత అంటే 5, గవ్వలాంటి గుర్తు అంటే సున్నా. అవును, సున్నా, మనవాళ్లతో ఏ సంబంధం లేకుండా వాళ్లంతట వాళ్లు కనిపెట్టుకున్నదే. రాతను రెండేసి నిలువు వరుసలుగా, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదవాలి. మొదట ఒక పెద్ద గుర్తు ఉంటుంది, దాని తర్వాత వచ్చే అయిదు అంకెలు వరసగా బక్తూన్, కతూన్, తున్, వినాల్, కిన్. కిన్ ఒక రోజు, వినాల్ 20 రోజులు, తున్ 360, కతూన్ 7,200, బక్తూన్ 1,44,000 రోజులు. సులువు లెక్క చెబుతాను: 9 అంకెతో మొదలయ్యే కాలం 435వ సంవత్సరం చివర్లో మొదలైంది, ఒక కతూన్ అంటే కొంచెం తక్కువ ఇరవై ఏళ్లు, 19.7 అనుకోండి. రాయి మీద 9, తర్వాత 15, మిగతావి సున్నాలు ఉంటే 15ను 19.7తో గుణించి 435 చివరికి కలపండి, 731 వస్తుంది. 10తో మొదలైతే 830 నుంచి లెక్క. అన్ని రాళ్ల మీదా ఈ పొడుగు తేదీ ఉండదు, చాలావాటి అంచులు వానకు అరిగిపోయాయి, అందుకని ముందు మ్యూజియంలో అలవాటు చేసుకుని తర్వాత ముంగిట్లోకి వెళ్లండి. 2012 డిసెంబర్‌లో యుగాంతం అని మన టీవీల్లో నెలల తరబడి భయపెట్టారు కదా, అది ఈ లెక్కలో 13 బక్తూన్‌లు పూర్తయిన రోజు, అంతే. స్కూటర్ మీటర్‌లో అంకె తిరిగితే బండి ఆగిపోదు.

గ్రహాంతరవాసులు వచ్చి కట్టారన్న వీడియోలు చూసి వెళ్లకండి. చక్రాల బండి లేదు, ఎద్దు లేదు, ఇనుము లేదు, మనుషులే సున్నపురాయిని చెకుముకి రాతి పనిముట్లతో చెక్కి, వీపు మీద మోసి కట్టారు. ఆ కష్టాన్ని ఇంకెవరికో కట్టబెట్టడం నాకు బాధగా ఉంటుంది. విమానం నుంచి లైడార్ అనే లేజర్ కిరణాల పద్ధతిలో 2,100 చదరపు కిలోమీటర్ల అడవిని కొలిస్తే 60,000కు పైగా కట్టడాలు బయటపడ్డాయని 2018లో ప్రకటించారు, ఇళ్లు, కాలువలు, రోడ్లు, గట్లు. మనం చూసే గుళ్లు అందులో చిటికెడు.

అడవిలో చెట్లు కూడా చూడండి, మన చుట్టాలే కనబడతాయి. మాయాలు పవిత్రంగా చూసే సెయిబా మన తెల్లబూరుగే, కాకపోతే అక్కడ గుడి స్తంభంలా ఆకాశానికి పోతుంది. సపోటా చెట్టు పుట్టిల్లు ఆ ప్రాంతమే. పాలు గాటు పెట్టి తీసి చూయింగ్ గమ్ చేసేవాళ్లు, ఆ గాట్లు చెట్ల మీద ఇంకా ఉన్నాయి. సపోటా చేవ ఎంత గట్టిదంటే గుళ్ల ద్వారబంధాల పైన దూలాలు దానితోనే వేశారు, వెయ్యేళ్లు దాటినా కొన్ని నిలిచాయి. టెంపుల్ 4లో చెక్కిన దూలాలు మాత్రం పందొమ్మిదో శతాబ్దంలోనే ఊడదీసి పట్టుకుపోయారు, ఇప్పుడవి స్విట్జర్లాండ్‌లో బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఖాళీ గుమ్మం కింద నిలబడితే మనసు చివుక్కుమంటుంది.

చెచెన్ అనే చెట్టును ముట్టుకోకండి. బెరడు మీద నల్లటి మచ్చలుంటాయి, పాలు తగిలితే ఒళ్లు పొక్కుతుంది, మన నల్లజీడి కుటుంబమే. పాములు ఉన్నాయి, వాటిలో బార్బా అమరీయా చాలా ప్రమాదకరం. తలకోనలో పాటించే జాగ్రత్తే ఇక్కడా: పడిన మొద్దును ఒక్క అంగలో దాటకండి, ముందు దాని అవతల ఏముందో చూడండి, దారి వదిలి వెళ్లకండి. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు సాక్సులోకి దోపడం, దోమల మందు తప్పనిసరి, డెంగీ ఉంది. స్పైడర్ మంకీలు పై నుంచి కొమ్మలు విరిచి వేస్తాయి, కింద నిలబడి ఫొటోలు తీయకండి. కొవాటి అనే పొడుగు ముక్కు జంతువు తిండి సంచి ఎత్తుకుపోవడంలో తిరుమల కోతులకు తీసిపోదు, ముద్దుగా ఉందని పెట్టకండి. మనిషికి రోజుకు మూడు లీటర్ల నీళ్లు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాల గురించి నెల ముందే డాక్టర్‌ను అడగండి. ఎల్లో ఫీవర్ టీకా గ్వాటెమాలా ఒక్కదానికైతే అవసరం రాదు, కానీ అదే ట్రిప్‌లో పెరూ, కొలంబియా, బ్రెజిల్ లాంటివి కలిపితే తిరిగొచ్చేటప్పుడు మనవాళ్లే కార్డు అడుగుతారు, ఆ టీకా చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు.

తిండి గురించి భయపడకండి, నిజానికి మన తిండిలో సగం అక్కడిదే. మిరపకాయ, టమాటా, జామ, బొప్పాయి, మొక్కజొన్న అన్నీ ఆ ఖండం నుంచే వచ్చాయి. మదనపల్లె టమాటా మార్కెట్ చూసినవాళ్లకు ఆ పంట పూర్వీకుల ఊరు చూడటం ముచ్చటగానే ఉంటుంది. పొద్దున చిన్న నల్ల చిక్కుడు గింజల ముద్ద, గుడ్డు, వేయించిన అరటిపండు, మొక్కజొన్న తొర్తీయా దొరుకుతాయి. తొర్తీయా వేడిగా ఉన్నప్పుడే తినాలి, జొన్నరొట్టెలాగే. శాకాహారులు ఒక సంగతి జాగ్రత్త: అక్కడ కార్నె అంటే ఎక్కువమందికి గొడ్డు మాంసం, పంది మాంసమే, కోడి లెక్కలోకి రాదు. కార్నె వద్దంటే కోడి వేసి తెచ్చిన సందర్భం మాకు మొదటి రోజే ఎదురైంది. అందుకని నో కోమో కార్నె, ని పోయో, ని పెస్కాదో (మాంసం, కోడి, చేప తినను) అని మూడూ చెప్పాలి. చిక్కుడు గింజలు పంది కొవ్వుతో వేయిస్తారు, సిన్ మాంతెకా అని కూడా చెప్పండి. ఇది పెద్ద అక్షరాలతో స్పానిష్‌లో రాయించుకుని ఫోన్‌లో ఫొటోగా పెట్టుకుంటే వంట చేసే ఆవిడకే చూపించొచ్చు. వదిన చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ మోసుకొచ్చింది, అది అక్కడ పని చేయలేదు, ఎందుకంటే కరెంటు 110 నుంచి 120 వోల్టులే, మన 230 వోల్టుల కుక్కర్ నాలుగో వంతు వేడే ఇస్తుంది. ఫోన్ చార్జర్లకు ఇబ్బంది లేదు, చదును పిన్ను అడాప్టర్ ఒకటి చాలు. సీల్ వేసిన పప్పుల పొడి, చింతకాయ పచ్చడి ప్యాకెట్లు తీసుకెళ్లండి, విమానం అమెరికా మీదుగా అయితే తిండి ఉందని అక్కడ తప్పకుండా చెప్పండి.

అక్కడి మనుషుల గురించి. గ్వాటెమాలాలో ఇప్పటికీ 22 మాయా భాషలు మాట్లాడతారు, పెటెన్ వైపు కెక్చి ఎక్కువ వినబడుతుంది. స్పానిష్‌లో గ్రాసియాస్ అనడం బాగానే ఉంటుంది, కెక్చి వాళ్లకు బాంత్యోష్ అని చెప్పి చూడండి, మొహం మారిపోతుంది. కొన్ని రోజుల్లో టికాల్ ముంగిట్లో గుండ్రటి వేదిక దగ్గర రంగు కొవ్వొత్తులు పెట్టి, పోమ్ అనే జిగురు కాల్చి పూజ చేస్తారు, సాంబ్రాణి వాసనే. మేం చూసిన రోజు ఒక పెద్దావిడ నేల మీద చక్కెరతో ముగ్గులాగా గుండ్రం వేసింది. వదిన చెప్పులు విప్పి దూరంగా నిలబడింది, ఎవరూ చెప్పలేదు, తనకే అనిపించింది. పక్కనే ఇద్దరు టూరిస్టులు మొహంలో మొహం పెట్టి వీడియో తీస్తున్నారు. మన గుడి దగ్గర ఎవరైనా అలా చేస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు. పూజ జరుగుతుంటే ఫోన్ లోపల పెట్టేయండి.

టికాల్ తర్వాత టైము ఉంటే ఉవాషక్తూన్ వెళ్లండి, ఉత్తరాన 23 కిలోమీటర్లు, మట్టి రోడ్డు, బస్సులు చాలా తక్కువ. జనం ఉన్న ఊరి మధ్యలోనే గుళ్లు. పడమటి గుడి మెట్ల మీద నిలబడి తూర్పున ఉన్న మూడు చిన్న గుళ్లను చూస్తే, పగలూ రాత్రీ సమానమైన రోజున సూర్యుడు నడిమి గుడి వెనక, ఉత్తరాయణ దక్షిణాయన మలుపుల్లో చివరి గుళ్ల దగ్గర ఉదయిస్తాడు. మన నాగలాపురం వేదనారాయణస్వామి గుడిలో మార్చిలో సూర్యపూజ చూసినవాళ్లు ఆ అమరిక చూసి చాలాసేపు అక్కడే ఉండిపోతారు. యష్హా అయితే చెరువు గట్టు మీద ఊరు, సాయంత్రం బాగుంటుంది, కానీ సొంత వాహనం లేకపోతే వ్యాన్ మాట్లాడుకోవాలి.

ఎల్ మిరదోర్ వేరే కథ. గుడిమల్లం లింగం చెక్కిన రోజులకు అది మహానగరం, లా దాంతా అనే గుడి 72 మీటర్ల ఎత్తు. కానీ కార్మెలితా ఊరి నుంచి రానుపోను అయిదు రోజుల నడక, గైడ్ లేకుండా వెళ్లనివ్వరు, వెళ్లకూడదు. సామాను కంచర గాడిదల మీద పెడతారు, వానల్లో మోకాలి లోతు బురద. కార్మెలితా సహకార సంఘం వాళ్లతోనే మాట్లాడుకోండి, డబ్బు ఆ ఊరికే చేరుతుంది. మెక్సికో వైపు పాలెంకే, కలక్‌ముల్ అనే మాయా నగరాలు ఉన్నాయి. పాలెంకేకు వియాఎర్మోసా నగరం నుంచి బస్సులో రెండు గంటలు, ఊరి నుంచి శిథిలాలకు 8 కిలోమీటర్లు, వ్యాన్లు తిరుగుతుంటాయి. పకాల్ రాజు సమాధి 1952లో దొరికింది అక్కడే. కలక్‌ముల్‌కు మెయిన్ రోడ్డు నుంచి 60 కిలోమీటర్లు లోపలికి పోవాలి, దారిలో తిండీ నీళ్లూ దొరుకుతాయని నమ్ముకోకండి. పడవలో వెళ్లే యశ్చిలాన్ నాకు చాలా ఇష్టంగా ఉండింది చూడాలని, కానీ మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రం సరిహద్దు ప్రాంతంలో ఈ మధ్య ముఠాల గొడవల వల్ల దాన్ని కొన్నిసార్లు మూసేశారు. అక్కడికి చేరాక ఊళ్లో ఇద్దరు ముగ్గురిని అడిగి, వద్దంటే మానేయండి. ఆ ప్రాంతంలో రాత్రి రోడ్డు ప్రయాణం అసలు వద్దు.

రానుపోను టికెట్ కొనకండి. ఫ్లోరెస్‌లో ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర మేం టికాల్‌కు రెండు వైపులా డబ్బు కట్టాం, రెండు రోజుల తర్వాత తిరుగు వ్యాన్ రాలేదు, ఫోన్ ఎత్తలేదు, గేటు దగ్గర రెండు గంటలు కూర్చుని మళ్లీ డబ్బు పెట్టి కొలెక్తీవో ఎక్కాం. ఎప్పటికప్పుడు ఒక వైపుకే కొనుక్కోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అడవిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, పాస్‌పోర్ట్ ఫొటో ఇంట్లో ఒకరికి పంపి ఉంచండి.

చివరి రోజు సాయంత్రం నాలుగున్నరకు పెద్ద ముంగిట్లో టెంపుల్ 2 చెక్క మెట్లు ఎక్కి, ఎదురుగా టెంపుల్ 1 మీద పడే ఎండను చూస్తూ కూర్చోండి. రాయి ముందు పసుపు, తర్వాత ఇటుక రంగు అవుతుంది. కింద గడ్డి మీద నెమలి రంగుల్లో మెరిసే టర్కీ కోళ్లు మేస్తుంటాయి, చిలకలు జంటలు జంటలుగా గూళ్లకు పోతాయి. ఆరింటికి కాపలావాళ్లు అందరినీ పంపించేస్తారు. లాడ్జీకి ఇరవై నిమిషాల నడక, చెట్ల కింద చీకటి తొందరగా పడుతుంది, టార్చ్ సంచి అడుగున కాకుండా జేబులో పెట్టుకోండి.